గన్నేరు మీద కత్తెర

విశాఖపట్నంలో పూలమొక్క బతకాలంటే ముందు గాలితో తేల్చుకోవాలి. సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు. రేవు వైపు గాలిలో ఇనుప ఖనిజం దుమ్ము, బొగ్గు పొడి. అటు యారాడ కొండ, ఇటు కైలాసగిరి, మధ్య పల్లంలో ఊరు. వచ్చిన దుమ్ము తొందరగా బయటికి పోయే దారి లేదు. 1933లో రేవు తెరిచారు, 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. లారీల బరువు ఈ ఊరి రోడ్ల మీద పెరుగుతూనే వచ్చింది. ఆ లారీ చక్రాలకు అడుగుల దూరంలో, 16వ నంబరు జాతీయ రహదారి డివైడర్లో, రెండు సిమెంటు గట్ల మధ్య కాస్త మట్టిలో గన్నేరు గులాబిరంగున పూస్తుంది.

దీన్ని అందరూ మొండి మొక్క అంటారు. ఆ పేరే దానికి చేటయింది. ఎలా నరికినా చిగురిస్తుంది కదా అని ఎలాపడితే అలా నరుకుతారు. బతకడం వేరు, నిండుగా పూయడం వేరు. బతకడం గన్నేరు తన పనితనంతో తానే చూసుకుంటుంది. నిండుగా పూయించేది మాత్రం తోటపని తెలిసిన చెయ్యి. ఆ రెండు పనితనాలూ దగ్గరగా చూడదగ్గవి.

ముందు ఆకు చూడండి. సన్నగా, పొడుగ్గా, తోలులా దళసరిగా ఉంటుంది. మధ్య ఈనె గట్టిది. దానికి అటూ ఇటూ చిన్న ఈనెలు ఒకదానికొకటి సమాంతరంగా బారులు తీరి ఉంటాయి. పైన మైనపు పొర మందంగా ఉంటుంది, దుమ్ము పడినా వాన రాగానే కడుక్కుపోతుంది. అసలు నేర్పు ఆకు అడుగున ఉంది. మొక్క ఊపిరి తీసే సన్నని రంధ్రాలు చాలా మొక్కల్లో ఆకు ఉపరితలం మీదే తెరుచుకుంటాయి. గన్నేరులో అవి చిన్న చిన్న గుంతల లోపల ఉంటాయి, ఆ గుంతల నిండా సన్నని నూగు. ఎండవేళ వీధి తలుపుకీ వీధికీ మధ్య వసారా చేసే పనే ఆ గుంతలు చేస్తాయి: వేడిగాలి నేరుగా రంధ్రాన్ని తాకదు, లోపలి తేమ అంత తేలిగ్గా బయటికి పోదు. ఉప్పుగాలికి, మే నెల ఎండకు, రెండు రోజులు నీళ్ళ ట్యాంకరు రాకపోయినా తట్టుకోవడానికి కారణం ఈ కట్టుబడే.

ఇక కణుపు. గన్నేరుకు ఒక్కో కణుపు దగ్గర సాధారణంగా మూడేసి ఆకులు చుట్టూ వస్తాయి. ఒక్కో ఆకు చంకలో ఒక్కో మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. కణుపుకు కాస్త పైన కొమ్మను కోస్తే ఆ మూడు మొగ్గలూ లేస్తాయి. ఒక కొమ్మ పోయి మూడు వస్తాయి. పూలు వచ్చేది కొత్త చిగుళ్ళ కొసల్లోనే కాబట్టి, మూడు కొమ్మలంటే మూడు పూగుత్తులు. గన్నేరు పనంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

పని తెలిసిన తోటమాలి గన్నేరు దగ్గరికి వెళ్ళి వెంటనే కత్తెర ఎత్తడు. ముందు పొదను రెండు చేతులతో విడదీసి లోపలికి చూస్తాడు. బూడిదరంగుకు తిరిగి, లావెక్కి, పైన నాలుగే ఆకులతో మిగిలిన ముదురు కొమ్మలు ఏవో పట్టుకుంటాడు. వాటిని చిన్న రంపంతో నేలమట్టానికి తీసేస్తాడు. అన్నీ ఒకేసారి తీయడు. ఏటా మూడోవంతు తీస్తే మూడేళ్ళలో పొద మొత్తం కొత్తదవుతుంది, ఈలోగా పూత ఆగదు. నడివయసు కొమ్మల్ని కణుపు చూసి, ఒకదాన్ని పొట్టిగా, మరోదాన్ని ఇంకాస్త ఎత్తులో కోస్తాడు. లేత కొమ్మల జోలికి పోడు. ఎత్తులు వేరుగా ఉండటం వల్ల పొద కింద నుంచి పైదాకా పూస్తుంది. లోపలికి వెలుతురు, గాలి ఆడతాయి. కొమ్మల మధ్య సందు ఉన్న పొద మీద తుపాను గాలి పట్టు కూడా తక్కువ.

దీనికి పూర్తిగా ఎదురు పని మర కత్తెరతో పైభాగం చదునుగా కోసుకుంటూ పోవడం. ఆ సాయంత్రానికి బల్లపరుపుగా, చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ పోయినవన్నీ చిగుళ్ళ కొసలు, అంటే రాబోయే పూలు. అలా రెండు మూడుసార్లు చేస్తే పైన ఆకుల పెంకు మందంగా కట్టి, లోపల ఎండు పుల్లలు, కింద బోడి కాళ్ళు మిగులుతాయి. పూత లేని గన్నేరు కనిపిస్తే తెగులు కోసం వెతక్కండి, ముందు కత్తెర గుర్తులు చూడండి.

డివైడర్లో గన్నేరుకు అందం కాక ఇంకో బాధ్యత ఉంది. రాత్రిపూట ఎదురు లారీ లైట్లు కంట్లో పడకుండా అడ్డు నిలవాలి, అందుకు తగ్గ ఎత్తు కావాలి. అదే పొద యూటర్న్ దగ్గరికి, మనుషులు రోడ్డు దాటే చోటికి వచ్చేసరికి పొట్టిగా ఉండాలి, లేకపోతే దాటే మనిషి డ్రైవరుకు కనపడడు. కొమ్మలు రోడ్డు మీదికి వాలకూడదు. ఇన్ని కొలతలు మనసులో పెట్టుకుని, బండ్లు రివ్వున పోతుంటే, ఎండలో నిలబడి చేసే పని అది. ఆ పనివాళ్ళకు మనం ఇచ్చే గౌరవం చాలా తక్కువ.

ఇంట్లో పెంచేవాళ్ళకు కావాల్సింది ఎండ. రోజుకు ఆరు గంటలైనా పడాలి. నీడలో గన్నేరు సాగి, పూయడం మానేస్తుంది. వేళ్ళు పట్టేదాకా నీళ్ళు తప్పనిసరి, తరువాత మట్టి ఆరాకే. యూరియా గుప్పిస్తే ఆకు పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది. పైగా లేత చిగుళ్ళకు పసుపురంగు పేనుబంక పడుతుంది. నీళ్ళ పైపుతో గట్టిగా కొడితే చాలావరకు పోతుంది, మిగిలినవి అక్షింతల పురుగులు తింటాయి. ఆకులు రాత్రికి రాత్రి మాయమై, కింద నల్లని గుళికలు పడి ఉంటే పచ్చని లావుపాటి గొంగళి ఒకటి ఉన్నట్టే. ఏరి పారేయడమే మందు. రేకమందారంలా ఒంటి వరస పూసే రకం వాడిన పువ్వును తానే రాల్చుకుంటుంది. ముద్ద గన్నేరు రాల్చదు. గోధుమరంగు ముద్దలు కొమ్మకే అంటిపెట్టుకుని ఉంటాయి, చేత్తో తీయాలి. కొనాలంటే కడియం నర్సరీల మొక్క మన ఊళ్ళలో దొరకని చోటు లేదు. కానీ వానాకాలంలో పెన్సిలంత కొమ్మను జానెడు కోసి, కింది ఆకులు తీసి, రెండు కణుపులు ఇసుకమట్టిలో దిగేలా పాతితే సులువుగా వేరు పడుతుంది. ముద్ద రకాలకు ఈ దారే నమ్మకం, గింజ నుంచి అదే పువ్వు వస్తుందని చెప్పలేం.

ఒక్క విషయంలో మాత్రం సరదా పనికిరాదు. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, గింజ, ఎండిన పుల్ల, అన్నీ విషమే. అందులోని ఓలియాండ్రిన్ గుండె లయను దెబ్బతీస్తుంది. పిల్లలు నోట్లో పెట్టుకుంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. కోసిన కొమ్మల్ని తగలబెట్టకూడదు, ఆ పొగా ప్రమాదమే. పశువుల మేతలో కలవనీయకూడదు. పత్రిలో కరవీరంగా వినాయక చవితి నాడు మన చేతుల మీదుగానే పూజకు వెళ్ళే ఆకు ఇది. పూజ అయ్యాక చేతులు కడుక్కోవడం మరవకండి.

సముద్రపు ఊళ్ళకూ గన్నేరుకూ ఉన్న బంధం విశాఖకు మాత్రమే పరిమితం కాదు. అమెరికాలోని గాల్వెస్టన్ కూడా రేవు పట్నమే. 1841లో అక్కడికి జమైకా నుంచి ఓడలో గన్నేరు వచ్చింది. 1900 సెప్టెంబరులో తుపాను ఆ ఊరిని తుడిచిపెట్టింది. సముద్రానికి అడ్డుగోడ కట్టి, ఊరి నేలనే ఎత్తు చేసి, మళ్ళీ పచ్చదనం తెచ్చుకునేటప్పుడు ఊరివాళ్ళు నమ్ముకున్న మొక్కల్లో ముందు వరస గన్నేరుది. 1967లో దాని పేరిట ఒక సంఘమే పెట్టుకున్నారు. అణుబాంబు పడిన హిరోషిమాకు ఇవాళ నగర పుష్పం ఇదే.

మనకు అలాంటి విధ్వంసపు రోజు 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మర్నాటికి మహావృక్షాలు వేళ్ళతో లేచి పడి ఉన్నాయి, కొండలు గోధుమరంగుకు తిరిగాయి. గన్నేరుకు విరగడానికి ఒంటి మాను లేదు. మొదట్లోంచి పది కొమ్మలు లేస్తాయి, అవి వంగుతాయి. పైన అంతా పోయినా మొదలు చిగురిస్తుంది. తుపాను దారిలో ఉన్న ఊరు ఎంచుకోవాల్సిన పొద ఇంతకంటే మరొకటి నాకు కనిపించదు.

రహదారి మొక్కల పని అప్పగించే అధికారులకు, కాంట్రాక్టర్లకు ఒక విన్నపం. గన్నేరును ఎన్ని మీటర్లు కోశారన్న లెక్క కాకుండా, ఎలా కోశారో చూడండి. ముదురు కొమ్మ నేలమట్టానికి పోయిందా, చిగురు కొస మిగిలిందా అన్నది అడగండి. కోసేవాళ్ళ చేతికి ఒక చిన్న రంపం ఇవ్వండి, కోసిన కొమ్మల పాలు అంటకుండా తొడుగులూ ఇవ్వండి.