వడ్డీ కబురు ఎవరి ఫోన్‌కి?

చందానగర్ చుట్టుపక్కల కాలనీల్లో బీహెచ్‌ఈఎల్‌లో పనిచేసి రిటైరైన వాళ్లు కట్టుకున్న ఇళ్లు ఎన్నో. పిల్లల అమెరికా చదువుల కోసం ఇప్పుడు ఆ ఇళ్ల దస్తావేజులు బ్యాంకులకు చేరుతున్నాయి. మా వీధి పెద్దాయన ఒకరు అమ్మాయి ఎమ్మెస్‌కు లోన్ పెడుతూ, కాగితాలు ఒకసారి చూడమన్నారు. టేబుల్ నిండా లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రశీదులు, లాయరిచ్చిన లీగల్ ఒపీనియన్. అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

40 లక్షలు, పదిన్నర శాతం వడ్డీ. సెమిస్టర్ల వారీగా విడుదలవుతుంది కాబట్టి మొదట్లో భారం తెలియదు. మొత్తం తీసుకున్నాక నెల వడ్డీయే 35,000. మారటోరియంలో ఈఎంఐ కట్టనక్కర్లేదు గానీ వడ్డీ లెక్క నడుస్తూనే ఉంటుంది. కట్టకుండా వదిలేస్తే తర్వాత అసలులో కలుస్తుంది. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టేవాళ్లకు రేటు కొంత తగ్గించే బ్యాంకులున్నాయి. అడిగితేనే చెప్తారు.

‘‘ఇవన్నీ దానికెందుకు సార్? చదువు మీద ధ్యాస పోతుంది. వడ్డీ సంగతి నేను చూసుకుంటా’’ అన్నారాయన. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోలేను. అసలు అప్పుదారు ఆ అమ్మాయే. ఆయన కో-అప్లికెంట్.

‘‘అంకుల్, నాన్న సిబిల్ 800 దాటింది. అక్కడేమైనా పనికొస్తుందా?’’ అని అడిగింది అమ్మాయి.

రాదు. తన పేరు మీదే అంత స్కోరున్నా మామూలుగా అక్కడి బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20, అడ్రస్ ప్రూఫ్ చూసి, సోషల్ సెక్యూరిటీ నంబరు లేకున్నా విద్యార్థులకు ఖాతా తెరిచే బ్యాంకులు అమెరికాలో ఉన్నాయి. అప్పు పుట్టడమే కష్టం. 200, 300 డాలర్లు డిపాజిట్ చేసి, ఆ మేరకే లిమిట్‌తో సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు తీసుకోవడం చాలామంది పట్టే దారి. పాలు, కూరగాయలు దాంతో కొని, గడువులోగా బిల్లు మొత్తం కట్టేయాలి. ఆరు నెలలు అలా నడిస్తే ఫికో స్కోరు మొదలవుతుంది. 300 నుంచి 850 దాకా ఉండే ఆ స్కోరులో 35 శాతం బరువు సకాలంలో కట్టడానిదే. రేపు ఇల్లు అద్దెకు తీసుకున్నా, కారు కొన్నా ముందు దాన్నే చూస్తారు.

అన్నట్టు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వెళ్లకముందే సరిచేయించుకోవాలి. లేదంటే వీసా మీద అసలు పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, ముందు ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. అక్కడి చాలా కాగితాలకూ అదే ఎక్కుతుంది.

ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి, అది ఫెమా నిబంధన. ఉద్యోగం వచ్చాక డాలర్లు పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరుచుకోవచ్చు. ఇవి బ్యాంకువాళ్లే చెప్తారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. లోన్ ఫారంలో మొబైల్ నంబరు దగ్గర పెద్దాయన తన నంబరే రాశారు. వడ్డీ పడ్డ మెసేజ్ ప్రతి నెలా ఆయన ఒక్కరికే వస్తుంది. అమ్మాయికి రెండేళ్ల దాకా ఆ ఊసే తెలియదు. అమ్మాయి నంబరు కూడా ఇమ్మన్నాను, లోన్ ఖాతా ఆన్‌లైన్ లాగిన్ తన చేతిలోనే ఉండాలన్నాను. ఇండియా సిమ్‌ను అక్కడా రోమింగ్‌లో పెట్టుకోమన్నాను, ఓటీపీలు దానికే వస్తాయి కాబట్టి. క్యాంపస్‌లో పని దొరికిన నెల నుంచి వందో యాభయ్యో డాలర్లు వడ్డీలోకి పంపమని కూడా ఆ అమ్మాయికే చెప్పాను, వాళ్ల నాన్న వద్దంటున్నా.