గోడ ముట్టని పనితనం

మా వంటింటి కుళాయికి నెల రోజులుగా రెండు రోగాలు. ధార సన్నబడింది. పైగా సగం తిప్పితే చాలు, తుమ్మెద రొదలా మొదలై డబ్బాలో కంకర ఆడించినట్టు మోత. పూర్తిగా తిప్పితే ఆ మోత ఉండదు. పైపులన్నీ గోడలో పూడ్చినవి. చూసినవాళ్లంతా టైల్స్ పగలగొట్టాల్సిందే అన్నారు. చివరికి వచ్చిన ప్లంబరు, యాభై దాటిన మనిషి, సంచీ కింద పెట్టి అన్న మొదటి మాట: “గోడ జోలికి పోవద్దు సార్. నల్లా ఏమంటుందో ముందుగాల ఇందాం.”

హైదరాబాద్‌లో ఎన్నేళ్లున్నా మాకది కుళాయే, ఆయనకు నల్లా. వినడం మాత్రం ఆయనకే వచ్చు.

ముందు పనిముట్టు కాదు, లీటరు చెంబు అడిగారు. బాత్రూం కుళాయి కింద పెట్టి సెకన్లు లెక్కపెట్టారు. ఏడుకల్లా నిండింది. వంటింట్లో ముప్పై దాటింది. డాబా మీది ట్యాంకు నీళ్లకు ఒత్తిడి వచ్చేది ఎత్తు వల్లే. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్. మా ట్యాంకులో నీటిమట్టం కుళాయికి ఐదు మీటర్ల పైన ఉంటుంది కనుక మాకు దక్కేది అర బారే. ఆ అర బారు బాత్రూంకి చాలినప్పుడు ట్యాంకుదీ తప్పు లేదు, కిందికి దిగే లైనుదీ లేదు. ఒక్క చెంబుతో ముప్పావు ఇల్లు అనుమానం నుంచి బయటపడింది.

తర్వాత కుళాయి మూతికి ఉండే జాలీ. పానా పళ్లు మెరుగుపూతను గీకకుండా గుడ్డ చుట్టి తిప్పారు. జాలీ నిండా ఇసుక రేణువులు, బోరు నీళ్ల తెల్లటి గార. నేనైతే పిన్నుతో పొడిచేవాణ్ణి, సన్నటి వల చెదిరిపోయేది. ఆయన నిమ్మరసంలో వేశారు. సన్నగా బుసబుసమంది. ఆ గార ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, పులుపు తగిలితే కరుగుతూ బుడగలు విడుస్తుంది.

అది నానుతుండగా జాలీ లేకుండానే కుళాయి తిప్పారు. ధార లావైంది, మోత అలాగే ఉంది. “ఒక బీమారి పోయింది సార్. రెండోది వేరే.”

స్క్రూడ్రైవర్ మొనను కుళాయి మెడకు, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి విన్నారు. తర్వాత సింకు కింది యాంగిల్ కాక్‌కు, ఆపైన గోడకు. దూరం పోయేకొద్దీ చప్పుడు సన్నగిల్లిందట. నాకూ వినిపించారు. నిజమే, రొద కుళాయి కడుపులోనే ఉంది.

మాది పాతరకం మర కుళాయి. 1845లో ఇంగ్లండులోని రాథర్‌హామ్‌లో గెస్ట్ అండ్ క్రైమ్స్ ఇత్తడి కర్మాగారం పేటెంట్ చేసిన కుళాయి వంశం. మూసేవైపు తిప్పితే కాడ దిగి రబ్బరు వాషరును నీటి రంధ్రం అంచు మీద అదుముతుంది. ఆ వాషరు వదులైతే మోత పుడుతుంది. సందు ఇరుకైనచోట నీటి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది, ఆ తగ్గుదల వాషరును అంచుకేసి లాగుతుంది. దారి మూసుకోగానే వెనక నీళ్లు దాన్ని తోసేస్తాయి. మళ్లీ లాగుడు, మళ్లీ తోపు, కంటికందని వేగంతో. పూర్తిగా తిప్పితే సందు వెడల్పై ఈ పెనుగులాట ఆగిపోతుంది.

విప్పే పద్ధతి చూడాలి. యాంగిల్ కాక్ కట్టి, పైపులో మిగిలిన నీళ్లు వదిలేసి, మర జారిపడకుండా సింకు కన్నానికి గుడ్డ కుక్కారు. విప్పిన ప్రతి ముక్కనూ పేపరు మీద వరసగా పేర్చారు, బిగించేటప్పుడు వెనక నుంచి ఎత్తుకోవడానికి. వాషరు గట్టిపడి గాడి పడింది, దాని నట్టు వేలితోనే తిరిగింది. కొత్తది వేసే ముందు వేలికొసతో రంధ్రం అంచంతా తడిమారు. “గాటుంటే కొత్త వాషరు గూడ నెల తిరక్కుండ తెగుతది.” గాటు లేదు. టెఫ్లాన్ టేపును మర బిగిసే వైపే చుట్టారు. ఎదురు చుడితే బిగించేటప్పుడే ఊడి ముద్దవుతుంది.

వాషింగ్ మెషీన్ నీళ్లు ఆపినప్పుడల్లా ఢబ్బుమనే చప్పుడు గురించీ అడిగాను. అది వేరే జాతి. పరిగెత్తే నీటిని వాల్వు చటుక్కున ఆపితే తగిలే దెబ్బ. మాస్కో నీటి పైపుల మీద పరీక్షలు చేసి 1898లో రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ దానికి సూత్రం ప్రకటించాడు. ఇనుప పైపులో సెకనుకు మీటరు వేగంతో పోయే నీరు హఠాత్తుగా ఆగితే ఒత్తిడి దాదాపు 12 బార్లు ఎగుస్తుంది. ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది కనుక అంత ఉండదు. వేగం తగ్గితే దెబ్బా తగ్గుతుందన్నది ఈ మేస్త్రి చేతికి తెలుసు. వంటింటి యాంగిల్ కాక్ పూర్తిగా తెరిచిన ఆయనే, మెషీన్‌ది సగానికి కట్టారు. బయట వదులుగా కొట్టుకుంటున్న పైపుకి క్లాంపు బిగించారు.

జాలీ బిగించి చెంబు మళ్లీ పెట్టారు. తొమ్మిదికి నిండింది. తర్వాత కుళాయిని సరిగ్గా ఆ మోత పుట్టే సగం దగ్గరే ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

డబ్బు తీసుకుని సంచీ భుజానికెత్తుకున్నారు. అడుగున సుత్తి, ఉలి గలగలమన్నాయి. ఆ రోజు అవి చేసిన చప్పుడు అంతే.