మేళం విడిపోయిన వేదిక: జనగామ ప్రాంత ఒగ్గుకథపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
రేడియో, ప్రభుత్వ వేదికలు, పురస్కారాలు తెలంగాణ జానపద ప్రదర్శనకళలకు విస్తృతమైన గుర్తింపు తెచ్చాయి. అయితే అవి గుర్తించింది మేళాన్ని కాదు, మేళంలోని ఒక్కొక్క భాగాన్ని. జనగామ ప్రాంతపు ఒగ్గుకథను ప్రధానాంశంగా, చిందు యక్షగానం, ధూంధాం, మేడారం వాద్యసంప్రదాయాలను పోలికగా తీసుకొని ఈ వ్యాసం ఆ పరిణామాన్ని అంచనా వేస్తుంది.

కీలకపదాలు: ఒగ్గుకథ, మేళం, వంత, చిందు యక్షగానం, ప్రదర్శన, జనగామ.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. పాలనా సరిహద్దులు మారినా కళాకారులు తిరిగే దారులు వాటిని అనుసరించలేదు. చిందువారికి మిరాశీ గ్రామాలు, ఒగ్గువారికి బీరప్ప, మల్లన్న కొలుపులు జరిగే ఊళ్లు ప్రేక్షకులను నిర్ణయిస్తాయి. కొమురవెల్లి నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, జనగామ ప్రాంతపు ఒగ్గువారికి అది ముఖ్యక్షేత్రమే.

బిరుదురాజు రామరాజు పరిశోధనతో తెలుగు జానపద గేయసాహిత్యం విశ్వవిద్యాలయ అధ్యయన విషయంగా నిలదొక్కుకొంది. ఆ తరువాత ప్రదర్శన సిద్ధాంతాలు మన పరిశోధనలోకి వచ్చాయి. గాయకుడు కంఠస్థం చేసినదాన్ని అప్పజెప్పడనీ, పాడుతూనే కథను కూర్చుతాడనీ ఆల్బర్ట్ లార్డ్ 1960లో ప్రతిపాదించాడు. మౌఖికకళకు ప్రదర్శనే జీవమని రిచర్డ్ బామన్ 1977లో వివరించాడు. ఈ రెండు సూత్రాలూ ఒగ్గుకథకు వర్తిస్తాయి. కాని లార్డ్ పరిశీలించిన యుగోస్లావియా గాయకుడు తన వాద్యాన్ని తానే వాయించుకొంటూ ఒంటరిగా పాడతాడు. ఒగ్గుకథకుడు ఒంటరివాడు కాడు. ఈ భేదాన్ని పట్టించుకోకుండా సిద్ధాంతాన్ని అన్వయిస్తే మేళం రచన ఒక్కరి రచనగా కనిపిస్తుంది.

2. కథనం ఎవరిది?

ఒగ్గు అంటే శివుని చేతి డమరుకం. ఆ పేరున్న కథలో ప్రధాన కథకుడు, వంతలు, డోలు, తాళాలు కలిసి మేళమవుతుంది. కథకుడు పాట ఎత్తుకొంటే వంత అందుకొంటాడు. కథకుడు వచనంలోకి దిగితే వంత ఊఁకొడతాడు, ప్రశ్నిస్తాడు, ఎగతాళి చేస్తాడు. ప్రేక్షకుడు అడగాలనుకొన్న ప్రశ్న వంత నోట వస్తుంది. కాబట్టి వంతను కేవలం సహాయకుడిగా భావించడం సరికాదు. అతడు కథలోపలి శ్రోత. కథ ఎక్కడ విస్తరించాలో, ఎక్కడ ముగియాలో నిర్ణయించడంలో భాగస్వామి.

డోలు పాత్ర కూడా అలాంటిదే. కథకుడు తలమీదికి చెంగు లాక్కొని స్త్రీపాత్రగా మారినప్పుడు ఆ మార్పును ప్రేక్షకుడికి తెలిపేది దుస్తుల కంటే దరువే. వేషం, దృశ్యం మార్చకుండా ఒకే మనిషి అనేక పాత్రలు కావడానికి ఆధారం ఈ దరువుల భాష. పట్నం వేసి దేవుని కల్యాణం జరిపే సందర్భంలో కథ, దరువు, ముగ్గు, పూజ ఒకదానికొకటి అర్థాన్నిస్తాయి.

3. వేదిక చేసిన ఎంపిక

జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935–2017) ఈ కళను కొలుపుల పరిధి దాటించి ఆకాశవాణి, దూరదర్శన్, నగర వేదికలకు చేర్చాడు. ఆయనకు 2014 సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. కులదేవతల కథగా ఉన్న రూపానికి ఆయన వల్ల కులాతీతమైన ప్రేక్షకవర్గం ఏర్పడింది. ఇది చిన్న విజయం కాదు. వేదిక కళను చెడగొట్టిందనే సాధారణ ఫిర్యాదు ఈ చరిత్ర ముందు నిలవదు; ఆశ్రయమిచ్చే వ్యవస్థ బలహీనపడిన కాలంలో వేదిక జీవనాధారంగానూ, గౌరవంగానూ నిలిచింది.

అయితే ఒక్కో మాధ్యమం తనకు అనువైన భాగాన్నే ఎంచుకొంది. రేడియోకు కథ, గొంతు సరిపోయాయి, ఆంగికం అక్కర్లేదు. పురస్కారానికి ఒక పేరు కావాలి, కథకుడు దొరికాడు. రాష్ట్ర ఉత్సవాలకు కన్నులపండువగా కదిలే దృశ్యం కావాలి. కథ లేని ఒగ్గుడోలు విన్యాసం రూపొందింది. ఈ మూడింటిలోనూ చోటు దొరకనివాడు వంత. అతడు లేనప్పుడు కథ ప్రసంగమవుతుంది, డోలు కవాతవుతుంది.

4. పోలికలు

జనగామకే చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగాన కళాకారుడిగా 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఐదు దశాబ్దాలకు పైగా 19,000కు మించిన ప్రదర్శనలు ఇచ్చినట్లు ఆ సందర్భంలో పేర్కొన్నారు. లెక్కవేస్తే ఏడాదికి 380 దాకా తేలుతుంది. ఈ సంఖ్య అసాధారణమైన శ్రమను చెబుతుంది. కాని రాత్రంతా సాగిన ఆటకూ, సభలో కొద్ది నిమిషాల ఘట్టానికీ భేదం చెప్పదు. చిందులో పాత్రలు పలువురికి పంచి ఉంటాయి కనుక మేళం విడిపోవడం వెంటనే కనిపించదు. అక్కడ కోత కాలవ్యవధిలో పడుతుంది.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం దీనికి భిన్నమైన దారి చూపింది. 2010 మే 28 ఘటనతో ఉద్యమచరిత్రకెక్కిన మహబూబాబాద్ సహా తెలంగాణ అంతటా సాగిన ఆ సభల్లో గాయకుడు విసిరిన పల్లవిని జనమే అందుకొన్నారు. కోల్పోయిన వంత స్థానాన్ని ప్రేక్షకసమూహం భర్తీ చేసింది. అయితే అది ఉద్యమావేశం మీద నిలిచిన బంధం. కథను ప్రశ్నించే వంత కాదు, నినాదాన్ని బలపరిచే వంత.

2018 జాతర నాటికి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్న మేడారం మరొక కొస. చిలకలగుట్ట నుండి సమ్మక్కను తెచ్చేటప్పుడు మోగే కోయల డోలి, కొమ్ము ఎవరి వినోదం కోసమూ కాదు. అక్కడ వాద్యాన్ని సందర్భం నుండి విడదీసే వేదికే లేదు. ఈ పోలికలో తేలేదేమంటే, మేళాన్ని నిలిపేది ప్రాచీనత కాదు, ప్రతి భాగానికీ పని కల్పించే సందర్భం.

5. ముగింపు

మేళాన్ని ప్రమాణంగా తీసుకొంటే పరిశోధనపద్ధతి మారాలి. కథాపాఠాన్ని లిప్యంతరీకరించేటప్పుడు వంత మాటలను, దరువు మార్పులను, ప్రేక్షకుల జోక్యాలను పాఠంలో భాగంగానే నమోదు చేయాలి. ప్రదర్శన జరిగిన చోటు, సందర్భం, వ్యవధి తెలపాలి. మేళంలోని వారందరినీ, వారి అనుమతితో, పేరుపేరునా పేర్కొనాలి. ప్రధాన కథకుని గొంతు ధ్వనిముద్రణల్లో మిగులుతుంది. అతణ్ణి ఆపి ప్రశ్న అడగడం నేర్చిన వంత విద్య మాత్రం మేళంలో కూర్చున్న మరో వంతకే అందుతుంది. ఆ విద్యను నమోదు చేయకపోతే రేపటి పరిశోధకుడికి కథలు దొరుకుతాయి గాని ఒగ్గుకథ దొరకదు.