సబ్ర్ అంటే ఓర్పేనా?

ఇంటి కష్టాలు రాసిన పుస్తకం ఏది వచ్చినా, దాని మీద జరిగే సభల్లో చివరికి మిగిలే మాట ఒకటే: 'ఆ తల్లి ఎంత ఓర్చుకుందో!' ఈ మాట విన్నప్పుడల్లా మాకు ఇబ్బందిగా ఉంటుంది. ఎవరి వల్ల ఓర్చుకోవాల్సి వచ్చిందన్న ప్రశ్న ఆ చప్పట్ల కింద నలిగిపోతుంది.

ఉర్దూలో దీనికి 'సబ్ర్' అన్న మాట ఉంది. మా ఇళ్లలో చావు దగ్గర అదే మాట, ఆడపిల్లను సాగనంపేటప్పుడు అదే మాట, పొయ్యి వెలగని రోజున కూడా అదే మాట. తెలుగులోకి దాన్ని సహనం అని దించేస్తాం. సబ్ర్‌లో పట్టు విడవకుండా నిలబడటం కూడా ఉంది. సహనంలోకి వచ్చేసరికి తలవంచటం ఒక్కటే మిగులుతోంది. ముస్లిం ఇంటి జ్ఞాపకాలను మనం ఎలా చదువుతున్నామో ఈ అనువాదమే చెబుతుంది.

మేము రెండు భాషల్లోనూ చదువుకున్నవాళ్లం గనక రెండు వైపుల పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఉర్దూలో ఆత్మకథ అనగానే మా పెద్దలు ముందు తీసేది జోష్ మలీహాబాదీ 'యాదోఁ కీ బారాత్'. 1970లో వచ్చింది. జోష్ హైదరాబాదుకు పరాయివాడు కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం అనువాద శాఖలో పనిచేసి, నిజాం ఆగ్రహానికి గురై వెళ్లిపోయినవాడు. ఆ వచనానికి ఎవరైనా తల ఊపాల్సిందే. అయితే అది జాగీర్దారీ లోగిలి జ్ఞాపకం. అక్కడ నీళ్లు మోసినవాళ్లూ, పొయ్యి రాజేసినవాళ్లూ కథలో కనిపిస్తారే గాని కథ చెప్పరు. ముస్లింల గతమంటే నవాబుల గతమేనని తెలుగు పాఠకుడు నమ్మటంలో సినిమాల పాపం ఎంత ఉందో, ఇలాంటి పుస్తకాలనే నెత్తిన పెట్టుకున్న మా ఉర్దూ పెద్దల పాపమూ అంతే ఉంది. ఈ మాటకు మా మీద కోపాలు వచ్చినా సరే.

ఇస్మత్ చుగ్తాయ్ 'కాగజీ హై పైరహన్' దారి వేరు. తండ్రిది సర్కారు కొలువు. పదిమంది పిల్లల ఇల్లు. ఆ ఇంట్లో పోరు అన్నం కోసం కాదు, చదువు కోసం. బడికి పంపకపోతే ఇల్లు విడిచి మిషన్ స్కూలుకు పోయి కిరస్తానీ అవుతానని తండ్రినే బెదిరించిన పిల్ల ఆమె. అలాగని తండ్రిని రాక్షసుణ్ణి చెయ్యలేదు. ఇంటిని ప్రేమిస్తూనే ఇంటి గుట్టు విప్పటం ఎలాగో మన రచయితలు ఆ పుస్తకం దగ్గర నేర్చుకోవచ్చు. 'లిహాఫ్' కథకు లాహోర్ కోర్టు మెట్లెక్కిన మనిషి మరి, గుట్టు విప్పితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. 1991లో ఆమె పోయాకే అది పుస్తకంగా అచ్చయింది.

ఆ 1991లోనే తెలుగులో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. ఆ దీర్ఘకవిత నిలదీసింది. అయితే నిలదీసే కవితలో వంటింటికి చోటు తక్కువ. పాఠకుణ్ణి చెయ్యిపట్టి ఇంట్లోకి తీసుకెళ్లినవి మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. 1999లో పుస్తకంగా వచ్చాయి. కావలి ఊరు, నెల్లూరు యాస, లేమిలో పెరిగే ఒక పిల్లవాడు. ఏడవాల్సిన చోట నవ్వించాడు. ఆ నవ్వు వల్లే వేలమంది ముస్లిమేతరులు ముస్లిం గడప లోపలికి బెరుకు లేకుండా అడుగు పెట్టారు. చదివినవాళ్లు 'అచ్చం మనలాగే ఉన్నారే' అని మెచ్చుకున్నారు. పుస్తకం తప్పు కాదు గాని, ఆ మెప్పు దగ్గరే మాకు పేచీ. మనలాగే లేకపోతే? గోష్ వాసన, బురఖా, ఇంట్లో వేరే భాష, ఇవి నవ్వించకుండా ఎదురొస్తే ఆ పాఠకుడు గడప దాటేవాడా? పుస్తకం ముందేసుకుని మాట్లాడుకునే చోట ఈ ప్రశ్న రావాలి.

రావాల్సింది ఇంకొకటి ఉంది. ఈ కథల్లో తల్లి ఎప్పుడూ కొడుకు చెబితేనే వినిపిస్తుంది. షాజహానా 'నఖాబ్' లాంటి కవిత్వం ఆడవాళ్ల గొంతును సూటిగా వినిపించింది. వచనంలో మాత్రం మా అరలో ఆ వరస పలచగానే ఉంది. దీనికి మేము కూడా బాధ్యులమే.

మాలో ఒకరు నిజామాబాద్ వైపు వారు. కొన్నేళ్ల కింద తల్లి మీద ఆదివారం సంచికకు వ్యాసం రాశారు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన అమ్మీ గురించి. తెలుగు చదవటం ఆమెకు రాదు. ఆయనే పక్కన కూచుని, ఒక్కో వాక్యం ఆమె మాటల్లోకి మార్చి వినిపించారు. అంతా విని ఆమె అన్నది ఇది: 'మేరా సబర్ లిఖ్యా. కాటే సో బీడ్యాఁ కాయకూ నై లిఖ్యా?' నా ఓర్పు రాశావు, కోసేసిన బీడీల సంగతి ఎందుకు రాయలేదు అని.

సంగతేమంటే, కార్ఖానాలో ఆకు తక్కువ తూచి ఇచ్చేవాళ్లు. లెక్కకు మాత్రం వెయ్యి రావాలి. తగ్గిన ఆకు ఆమె సొంత డబ్బుతో కొనేది. కట్టలు విప్పి, బాగా లేవని పక్కకు తీసిన బీడీలకు కూలి లేదు, వాటిని వెనక్కి ఇచ్చిందీ లేదు. ఏ నెల ఎన్ని పోయాయో ఆమెకు నోటికి తెలుసు. వ్యాసంలో ఇందులో ఒక్క ముక్క లేదు. ఆకు వాసన ఉంది, చేతివేళ్ల పగుళ్లు ఉన్నాయి, దీపం వెలుగు ఉంది. మేమందరం ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నవాళ్లమే.

ఇప్పుడు ఆమె చెబుతోంది, ఆయన రాస్తున్నారు. మాట దఖనీ, లిపి తెలుగు. ఉర్దూ లిపిలో రాద్దామంటే మనవళ్లకు రాదు. 'గరీబ్'లో గొంతులోంచి వచ్చే ఆ మొదటి అక్షరం తెలుగులో లేదు. దాన్ని ఎలా రాయాలో తేలక రెండు వారాలు తగవులాడాం. చివరికి మామూలు 'గ'తోనే సరిపెట్టారు. నోటుబుక్కు అరవై పేజీలు నిండింది. అందులో పదకొండు పేజీలు కోసేసిన బీడీల లెక్కే.