కింది నుంచి వచ్చే గాలి

పెన్సిల్వేనియా ఈశాన్య మూలలో తవ్వే ఆంత్రసైట్ బొగ్గు గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటుంది. పట్టుకుంటే చేతికి పెద్దగా మసి అంటదు. ఆవిరై పైకి లేచే వాయువులు అందులో తక్కువ కాబట్టి మన సింగరేణి బొగ్గులా పొగలు కక్కదు. అదే కారణాన అంత తేలిగ్గా అంటుకోదు కూడా. కమ్మరులు తిత్తులతో ఊది దాన్ని దారికి తెచ్చేవారు గానీ ఇళ్లలో ఆ బాధ ఎవరు పడతారు? 1808 ఫిబ్రవరి 11న విల్క్స్-బ్యారీలో జెస్సీ ఫెల్ అనే సత్రం యజమాని ఊచల జాలీ మీద ఆ బొగ్గు పేర్చి, తిత్తి ముట్టకుండా మండించాడు. ఊచల సందుల్లోంచి గాలి తనంతట తానే పైకి వెళ్లింది. అంతే కిటుకు. మన కుంపటికి అడుగున కంత పెట్టి విసనకర్రతో విసిరేదీ అక్కడే కదా!

ఇప్పటికీ అక్కడ చలికాలం ఇల్లు వెచ్చబెట్టే బొగ్గు స్టవ్‌లో మెచ్చుకోదగ్గ పనితనమంతా ఈ గాలి చుట్టూనే ఉంటుంది. దుకాణంలో కళ్లు ముందు గాజు తలుపు మీదికీ, ఎనామెల్ రంగు మీదికీ పోతాయి. పోనివ్వండి. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని బూడిద తలుపు తెరవండి. పైన కనిపించేవి దళసరి పోత ఇనుప కడ్డీలు, వాటికి పళ్లు. బయటి పిడిని అటూ ఇటూ ఆడిస్తే ఆ పళ్లు బూడిదను నలిపి కిందికి రాలుస్తాయి, నిప్పును మాత్రం పైనే ఉంచుతాయి. పిడి ఆడిస్తూ మూలలు చూడండి. కడ్డీల కదలిక మూలల దాకా అందకపోతే అక్కడ బూడిద పేరుకుని గాలి ఆగుతుంది, నిప్పు ముందు అక్కడే చస్తుంది. మంచి పనివాడు కడ్డీని గోడ అంచు దాకా తెచ్చి, తగలకుండా వెంట్రుకవాసి ఖాళీ వదులుతాడు. స్టవ్ విలువ ఆ ఖాళీలో తెలుస్తుంది.

తర్వాత తలుపు. దాని అంచు గాడిలో ఫైబర్‌గ్లాస్ తాడు కూర్చి ఉంటుంది. ఒక నోటు మధ్యలో పెట్టి తలుపు బిగించి లాగండి, చుట్టూ ప్రతిచోటా బిగువుగా ఆగాలి. బూడిద తలుపులో సందు ఉంటే గాలి మీ అదుపులో ఉండదు. ఆ అదుపు చూసేది వెనకున్న చిన్న రేకు తలుపు. ఇండియానాలోని బెర్న్‌లో తయారయ్యే హిట్జర్ స్టవ్‌లలో దాన్ని ఒక లోహపు చుట్ట నడుపుతుంది. వేడికి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగే రెండు లోహాలను అతికించి చుట్టిన చుట్ట అది. స్టవ్ వేడెక్కితే మెలి తిరిగి గొలుసును వదులుతుంది, రేకు దిగుతుంది, గాలి తగ్గుతుంది. చల్లబడితే మళ్లీ లేపుతుంది. కరెంటు అక్కర్లేదు. మంచు తుఫానుకు తీగలు తెగిన రాత్రి దీని సంగతి బాగా అర్థమవుతుంది.

నిప్పుగది వెడల్పు కంటే లోతు ముఖ్యం. ఆంత్రసైట్ పలచగా పరిస్తే మండదు, ఫైర్‌బ్రిక్ అంచు దాకా నిండుగా ఉండాలి. బొగ్గు సైజు కూడా కడ్డీల సందుకు తగ్గట్టు ఎంచుకోవాలి. ఇలా చేత్తో వేసే స్టవ్‌లకు సాధారణంగా ‘నట్’ సైజు వాడతారు. ‘రైస్’ సైజు మోటారుతో నడిచే వాటికి, ఇక్కడ వేస్తే నేరుగా బూడిద తట్టలో పడుతుంది.

కొత్త స్టవ్‌ను తెచ్చిన రోజే భగభగలాడించకూడదు. రంగు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు, ఇటుకల్లో, అతుకుల సిమెంటులో తేమ ఉంటుంది. కిటికీలు తెరిచి ముందు చిన్న చిన్న కట్టెల మంటలు వేసి, ప్రతిసారీ కాస్త వేడి పెంచాలి. రంగు కమురు వాసన గదంతా పడుతుంది, కంగారు పడనక్కర్లేదు. అది ఆగాకే బొగ్గు పని. కట్టెల నిప్పు బాగా రాజేసి దాని మీద కొద్దిగా బొగ్గు, అది అందుకున్నాక ఇంకొంచెం, చివరికి నిండుగా. ఎప్పుడు వేసినా ఒక పక్క ఎర్రటి నిప్పు కనపడేలా వదలాలి. అంతా కప్పేస్తే కొత్త బొగ్గు విడిచే వాయువు పోగుపడి, ఒక్కసారిగా ‘భుగ్గు’మని తలుపును అదరగొడుతుంది. కనపడే నిప్పుంటే మాత్రం పుట్టిన వాయువు పుట్టినట్టే నీలి మంటలై ఆడుతుంది. గాజు తలుపు పెట్టించినందుకు డబ్బు దక్కేది అప్పుడే.

కట్టెల పొయ్యి అలవాటున్నవాళ్లకు చేతులూరుకోవు, పైనుంచి కెలుకుతారు. దాంతో నిప్పు కట్టు చెదిరి బూడిద పైకొస్తుంది, కరిగి చిట్టెం కడుతుంది. కదిలించడం ఎప్పుడూ కిందనుంచే, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, తట్టలో ఎర్ర నిప్పురవ్వలు పడటం మొదలవగానే ఆపేయాలి. మంట లేవాలని బూడిద తలుపు తెరిచి పెట్టి మరో పనికి వెళ్లడం ఇంతకన్నా ప్రమాదం. అదుపు లేని గాలికి కడ్డీలు వంగిపోయేంత వేడి పుడుతుంది.

పొగగొట్టం మీద బరువు కట్టిన గుండ్రటి రేకు ఒకటి పెట్టిస్తారు. చిమ్నీ ఎక్కువగా లాగినప్పుడు అది ఊగి గదిలోని గాలిని గొట్టంలోకి వదులుతుంది, నిప్పు మీద లాగుడు ఒకేలా నిలుస్తుంది. ఆ లాగుడును నీటిమట్టంలో కొలిస్తే అంగుళంలో నూరో వంతుల్లో తేలుతుంది. అంత సున్నితం. పొగ లేదు కదా అని కార్బన్ మోనాక్సైడ్ అలారం మానకూడదు. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు.

చలి వెళ్లగానే గొట్టం విప్పి, లోపలి బూడిదంతా దులిపేయాలి. వేసవి తేమ తగిలితే ఆ బూడిద ఆమ్లంలా పనిచేసి, రేకును తినేస్తుంది.