అయిదు–తొమ్మిది: రేడియో పలుకున కొలతయు మర్యాదయు

మాట యర్థము కాలముతో మారును గాని అంకె యర్థము మారదని తలంతుము. లైసెన్సు పొంది అభిరుచితో ప్రసారము జరుపు హామ్‌ల సంభాషణను శ్రద్ధతో విన్నచో ఈ నమ్మకము నిలువదు.

ఎదుటి కేంద్రము తమకెట్లు వినవచ్చుచున్నదో తెలుపుటకు 1934లో ఆర్థర్ బ్రాటెన్ అను అమెరికా హామ్ ఒక అంకెల పద్ధతిని కల్పించెను. మొదటి అంకె స్పష్టత, 1 మొదలు 5 వఱకు. రెండవది బలము, 1 మొదలు 9 వఱకు. మోర్సునందు స్వరశుద్ధికి మూడవ అంకె చేరును. కావున "అయిదు–తొమ్మిది" యనగా ప్రతి మాటయు తెలియుచున్నది, ధ్వని మిక్కిలి బలముగా నున్నది అని వాచ్యార్థము. కాని హామ్‌ల పోటీలను వినుడు. కేంద్రనామమును మూడుమార్లు చెప్పించుకొన్నవాడును తుదకు "అయిదు–తొమ్మిది" యనియే పలుకును! ఇంట జ్వరపీడితులున్నను "ఇచ్చట అందరము కుశలము" అని ఉత్తరము మొదలిడుట వంటిదే యిది. ఆ కుశల శబ్దమునే మమ్మటుడు రూఢిలక్షణకు ఉదాహరించెను: దర్భలు కోయువాడను అర్థము మఱుగుపడి, నేర్పరియను అర్థము వాడుకచే నిలిచినది. అంకెకును లక్షణ కలదని ఆలంకారికులు ఊహించియుండరు.

ఈ మార్పు అన్నిచోట్ల దోషము కాదు. "డెబ్బదిమూడు" అనగా శుభాకాంక్షలు; తంతివారినుండి వచ్చిన ఆ సంఖ్య హామ్‌ల నోట ఏ కొలతయు కాదు గనుక ఎవరిని మోసగింపదు. అమెరికా పౌర రేడియోలో లారీ డ్రైవర్లు పోలీసును "ఎలుగుబంటి" యనుట మన వర్తకుల మారుబాస వంటిది. మఱుగుపఱచుటయే దాని ప్రయోజనము. హామ్‌లు పురుషులను వయోభేదము లేక "ఓల్డ్ మాన్" అని పిలుతురు. తెలుగున సంభాషించినచో ఈ సమత చెల్లదు. నీవు, మీరు అను రెంటిలో నొకటి యెన్నుకొనక తప్పదు. అందుచేతనే కాబోలు, తెలుగువారికిని ఆ ఆంగ్ల సంకేతములు సుఖముగా తోచును.

కొలతయే మర్యాదగా మారినచోట మాత్రము నేనంగీకరింపజాలను. కొండపల్లి కొండమీదినుండి పలికిన చిన్న వీహెచ్ఎఫ్ సెట్టు కృష్ణా మైదానమున దూరము వినబడును. కొండ చాటునుండి పలికినచో సమీపమునకే క్షీణించును. ఆ చాటు ఎచ్చట మొదలగునో తెలుపునది నిజమైన అంకె యొక్కటే. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనను చూచిన డెల్టా యిది. 2004 డిసెంబరు 26న అండమానులను సునామి ముంచినపుడు, హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షమున పోర్టు బ్లెయిరునకు వెళ్లియున్న భారతీ ప్రసాద్ అచ్చటినుండి ప్రధాన భూభాగమునకు వార్తలందించిరి. అట్టి వేళ ఒక పేరు మఱియొక పేరుగా వినబడినచో, ఒక యింటివారికి లేని మరణవార్త చేరును. "అయిదు–తొమ్మిది, పేరు మరల చెప్పుడు" అను వాక్యమున మొదటి సగమును రెండవ సగము ఖండించుచున్నది. "మూడు–నాలుగు, పేరు మరల చెప్పుడు" అనునది మోటుగా తోచును గాని, విన్నవాడు పేరును నిదానముగా, అక్షరమక్షరముగా పలుకును.