ఏ గొట్టానికి ఎంత మందు

అమెరికాలో తుపాకుల సంతలకు వెళితే ఏదో ఒక బల్ల మీద పాత మజిల్ లోడర్ రైఫిల్ చవకగా కనిపిస్తుంది. మూతి నుంచి మందు పోసి, గుండు దట్టించి కాల్చే రకం. మన పల్లెల్లో నాటు తుపాకీని ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. తేడా అంతా గొట్టం లోపల మెలి తిరిగిన గాడుల్లో ఉంది. గుండుకు సుడి ఇచ్చి, తిన్నగా నడిపించేవి అవే. ‘దీనికి గురి కుదరదు’ అని పాత యజమాని వదిలించుకున్న ఇలాంటి రైఫిళ్లలో చాలావాటికి ఇనుములో దోషం ఉండదు. వాటికి నప్పే మందు, గుండు, గుండుకు చుట్టే గుడ్డ ఎంతో ఎవరూ ఓపిగ్గా వెతికి ఉండరు. ఆ వెతుకులాట దానికదే ఒక విద్య.

అమెరికాలో ఈ విద్యకు పుట్టిల్లు పెన్సిల్వేనియా. 18వ శతాబ్దంలో లాంకాస్టర్ ప్రాంతంలో స్థిరపడిన జర్మన్, స్విస్ పనివారు పొడుగాటి గొట్టాల రైఫిళ్లు చేశారు. తర్వాతి శతాబ్దంలో సెయింట్ లూయీలో హాకెన్ సోదరులు పడమటి కొండల వేటగాళ్ల కోసం పొట్టిగా, బరువుగా ఉండే రైఫిళ్లకు పేరు తెచ్చారు. తూటా తుపాకులు వచ్చి వీటిని పక్కకు నెట్టినా అభిమానులు వదల్లేదు. 1933లో జాతీయ మజిల్ లోడింగ్ రైఫిల్ సంఘం ఏర్పడింది. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో దాని పోటీలు జరుగుతాయి. 1970లో థాంప్సన్ సెంటర్ కంపెనీ హాకెన్ పేరుతో కొత్త రైఫిల్ తెచ్చాక ఈ సరదా సామాన్యుడి చేతికి అందింది. ఇప్పుడు చేతులు మారుతున్నవాటిలో ఆ తరం రైఫిళ్లు ఎన్నో.

పాతది కొన్నప్పుడు మొట్టమొదట తేల్చుకోవాల్సింది లోపల మందు ఉందా లేదా అని. దట్టించే కడ్డీని అడుగుదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, దాన్నే గొట్టం పక్కన బయట ఆనించి చూడాలి. కడ్డీ కొస మందుకు నిప్పు అందే రంధ్రం దాకా రాకుండా ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఎన్నో ఏళ్ల కిందటి మందైనా పేలుతుంది.

తర్వాత గొట్టం సంగతి. తుపాకిమందులో సుమారు 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. ఈ మందు కాలాక సగానికి పైగా మడ్డిగా మిగులుతుంది. ఆ మడ్డి గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. దానికి విరుగుడు వేడినీళ్లు, సబ్బు. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పట్టించి, సన్నని లైటు లోపలికి దించి చూడాలి. చిన్న చిన్న తుప్పు గుంతలుంటే మెరుగుపెడితే పనికొస్తుంది. చుట్టూ ఉంగరంలా నీడ కనిపిస్తే మాత్రం గొట్టం అక్కడ ఉబ్బిందని అర్థం. గుండును మందు మీదికంటా దించకుండా మధ్యలో వదిలి కాల్చితే అలా అవుతుంది. అలాంటి గొట్టాన్ని వాడకూడదు. గొట్టం బాగుంటే, హ్యామర్‌ను కూడా పరీక్షించాలి: సగం ఎత్తి నిలిపి ట్రిగ్గర్ నొక్కితే అది పడకూడదు. పడితే ఆకురాయి పట్టకుండా తెలిసిన పనివాడికి ఇవ్వాలి. నిప్పు పుట్టించే క్యాప్‌ను తొడిగే నిపిల్ రంధ్రం వెడల్పయితే మార్చడం తేలిక.

ఇక అసలు పని. .50 కాలిబర్ గొట్టానికి సాధారణంగా .490 అంగుళాల సీసపు గుండు, దాని చుట్టూ .015 అంగుళాల మందం నూలుగుడ్డకు కొవ్వు పూసి వాడతారు. గాడులను పట్టుకునేది ఆ గుడ్డే, మండిన వాయువు పక్కనుంచి తప్పించుకోకుండా ఆపేదీ అదే. తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమితిని తెలుసుకుని, 50 గ్రెయిన్ల దగ్గర, అంటే మూడు గ్రాముల పైచిల్లర మందుతో మొదలుపెట్టాలి. ప్రతి విడతకూ ఐదేసి గ్రెయిన్లు పెంచుతూ, ఆనుడు మీద నుంచి 50 గజాల దూరానికి ఐదేసి గుళ్లు కాల్చాలి. ప్రతి గుండుకూ మధ్య గొట్టాన్ని ఒకే తీరున తుడవాలి. మందును డబ్బా నుంచి నేరుగా గొట్టంలో పోయకూడదు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా మొత్తం అంటుకుంటుంది. కొలగిన్నెతోనే పోయాలి. ఆధునిక తూటాల్లోని పొగలేని మందు చిటికెడైనా వేయకూడదు, గొట్టం బద్దలవుతుంది.

కాల్చాక ముందుకెళ్లి గడ్డిలో పడిన గుడ్డముక్కలు ఏరుకోవాలి. రైఫిల్ చెప్పాల్సినదంతా వాటి మీదే ఉంటుంది. నడుమ నల్లటి గుండ్రని మచ్చ, అంచుల్లో కాస్త పీచు, నేత మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే అంతా సవ్యం. నడుమ కాలి చిల్లు పడితే కొవ్వు చాలలేదు, లేదా గుడ్డ పలచన. గాడుల గీతల వెంట కోసుకుపోతే గొట్టంలోనో మూతి దగ్గరో పదునైన అంచు ఉంది, దాన్ని మెరుగుపెట్టాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి మారిస్తే గుణం దేనివల్ల కనిపించిందో తేలదు. గుళ్లన్నీ దగ్గరగా పడ్డాకే ముందరి సైటును ఆకురాయితో అరగదీయాలి. దాన్ని ఎంత అరగదీస్తే గుండు అంత పైకి తగులుతుంది. అరిగిన లోహం మళ్లీ రాదు కాబట్టి ఆ పని చివరన.

ఒకే కర్మాగారంలో పుట్టిన రెండు రైఫిళ్లకూ ఒకే కొలత నప్పుతుందన్న హామీ లేదు. పుస్తకం చెప్పేది మొదలు ఎక్కడో మాత్రమే, చివరి మాట ఆ గొట్టానిదే. ఈ శ్రమకు సరదాను మించిన అర్థమూ ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మజిల్ లోడర్‌తో జింకల వేటకు ప్రత్యేక రోజులుంటాయి. గురి తప్పితే రెండో గుండు దట్టించేసరికి దెబ్బతిన్న జంతువు బాధతో అడవిలోకి పారిపోతుంది. తన రైఫిల్ గుండు ఎక్కడ పడుతుందో ఖచ్చితంగా తెలియనివాడికి అడవిలోకి వెళ్లే అర్హత లేదు.

అందుకే కుదిరిన కొలతను కాగితం మీద రాసిపెట్టుకోవాలి: మందెంత, గుండు సైజెంత, గుడ్డ మందమెంత, తుడిచిన పద్ధతేది. రైఫిల్‌ను ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ఆ కాగితమూ దానితో ఇవ్వాలి. కొన్నవాడు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టే అవసరం ఉండదు, మంచి రైఫిల్ మీద ‘గురి కుదరదు’ అన్న అపవాదూ పడదు.